వంట చేసే మనిషిని తీసుకురండి

నేను రిటైరైన రోజున ఆత్మకూరు డిస్పెన్సరీలో శాలువా కప్పి, మైకు చేతికిచ్చి, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. అందరి చూపులూ భోజనాల వైపే ఉన్నాయి. "అందరికీ నమస్కారం, ఆరోగ్యం జాగ్రత్త" అని చెప్పి కూర్చున్నాను. ఆ రోజు మింగేసిన మాటలే ఇప్పుడు రాస్తున్నాను. ఆయుర్వేదం చదివి మారుమూల డిస్పెన్సరీలకు పోయే పిల్లలకు పనికొస్తే చదువుకోండి, లేకపోతే పక్కన పడేయండి. నేనేమీ అనుకోను. అనుకున్నా మీకు తెలిసేది లేదు.

నా సర్వీసంతా మూడు ఊళ్లలో గడిచింది. మొదట సీతారామపురం, తర్వాత చాలాకాలం ఉదయగిరి, చివర్లో ఆత్మకూరు. చేరిన కొత్తలో కీళ్ల నొప్పులు, గజ్జి, కామెర్లు ఎక్కువగా వచ్చేవి. పోను పోను షుగరు, లివరులో కొవ్వు, పొట్ట బరువు, ఇవే ఎక్కువయ్యాయి. కంచంలోంచి ఒంట్లోకి వచ్చే జబ్బులు. ఆకులతో, వేర్లతో చేసిన మందులు వీటికి ఎంతవరకు పనిచేస్తాయి, ఎక్కడ చేతులెత్తేస్తాయి అన్నదే నేను నేర్చుకున్న విద్య. ప్రమోషన్ల సంగతి రాయను. రాయడానికి పెద్దగా లేవు కూడా.

ఇంకొక్కటి చెప్పాలి, ఎందుకంటే దీనితో పని ఉంది. నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదన్నది మీకు అక్కర్లేదు. పొయ్యి మీద ఒక్క మనిషికి వండుకుంటూ బతికాను.

సీతారామపురం పెద్దాయన

నా మొదటి బాసును అందరూ పెద్దాయన అనేవాళ్లు. ముక్కు మీద కోపం. పైనుంచి రావలసిన చూర్ణాలు ఆలస్యంగా వచ్చేవి, వచ్చినవి వాసన పోయి మట్టిలా ఉండేవి. ఆయన సంచి తెరిచి ఒకసారి వాసన చూసి, "ఇది పేడకుప్పలో పారబొయ్యి" అని నాకిచ్చేవాడు. వానలు పడ్డాక నన్ను గట్ల వెంట నడిపించి నేల ఉసిరి పీకించేవాడు. డిస్పెన్సరీ వెనక మూడు రాళ్ల పొయ్యి మీద కషాయం కాగేది. నీళ్లు నాలుగోవంతుకు దిగేదాకా పక్కనుంచి కదలనిచ్చేవాడు కాదు.

రోగికి ఇచ్చేముందు నన్ను తాగమనేవాడు. నేలవేము కషాయం తాగిన రోజు రాత్రి అన్నం కూడా చేదుగానే ఉంటుంది. మొహం చిట్లిస్తే, "నీ నోట్లో పోసుకోలేనిది వాళ్ల నోట్లో ఎట్లా పోస్తావమ్మాయ్?" అనేవాడు. ఎన్ని పుస్తకాలు చదివినా రోగి మందు ఎందుకు పారబోస్తాడో నాకు అంతకుముందు తెలియదు.

ఆయనకొక పద్ధతి ఉండేది. లివరుకో షుగరుకో మందు కావాలని ఎవరొచ్చినా నాడి చూసి, కళ్లు చూసి, పరీక్షలు రాసి, "రేపు మీ ఇంట్లో వంట చేసే మనిషిని పిల్చకరా, అప్పుడిస్తా మందు" అనేవాడు. బస్సులు సరిగా లేని ఊరు. పొద్దున్నుంచి ఎండలో నడిచొచ్చినవాళ్లకు ఒళ్లు మండేది. ఒకాయన ఎగిరి పడ్డాడు.

"జబ్బు నాకా, మా యమ్మకా?"

"జబ్బు నీకే. ఉప్పు డబ్బా, నూనె సీసా మీ యమ్మ చేతిలో ఉండాయి గదా. ఆమెను పిల్చకరా పో."

నాకప్పుడు అది పెత్తనంగా కనిపించింది. మర్నాడు ఆ తల్లి వచ్చింది. పెద్దాయన కొడుకు వైపు చూడనే లేదు. ఆమెను కూర్చోబెట్టి, పొద్దున ఏం వండుతావు, నూనె ఎక్కడ కొంటావు, మిగిలిన కూర ఎవరు తింటారు అని అడుగుతూ పోయాడు. మందు గురించి చెప్పింది రెండు ముక్కలు. ఆ కుర్రాడు బాగయ్యాడు. నేల ఉసిరి వల్లా, వాళ్లమ్మ వల్లా అని నేనడిగితే, "బాగయినాడా లేదా? నీకెందుకు తగువు" అన్నాడు. ఆ పద్ధతిని నేను సర్వీసంతా వదల్లేదు.

పథ్యం విడుపు

మన వైపు జనానికి మందు కంటే పథ్యం మీద గురి ఎక్కువ. అది మంచిదే. చిక్కంతా పథ్యానికి ఒక చివరి రోజు ఉంటుందని వాళ్లు నమ్మడంలో ఉంది.

ఉదయగిరికి మారాక వరికుంటపాడు వైపు నుంచి ఒక పెద్ద రైతు నా దగ్గరకు వచ్చేవాడు. ఊళ్లో పదిమంది ఆయన మాట వినేవాళ్లు. ఆయన మాత్రం నాలుక మాట వినేవాడు. షుగరుంది, లివరులో కొవ్వుంది. భార్యను పిలిపించాను, ఆమె పాపం వచ్చింది. ఆయనకు నమ్మకం కలగాలని ఒక ఆట ఆడాను. పొడపత్రి ఆకు నమిలించి, కాసేపాగి బెల్లం ముక్క నోట్లో పెట్టాను. పొడపత్రి నమిలితే కొంతసేపు నాలుకకు తీపి తెలియదు. ఆయన కళ్లు పెద్దవి చేశాడు.

"ఇదేందమ్మా, బెల్లం ఇసక మాదిరుండాది!"

ఆ దెబ్బతో ఆయన నా భక్తుడైపోయాడు. సంకటి, ఆకుకూర, చప్పిడి మజ్జిగ, వ్రతం పట్టినట్టు పట్టాడు. పదిమందికీ చెప్పాడు. మండలం, అంటే నలభై రోజులు, నిండిన రోజున ఒక కారియర్ పంపించాడు. మూత తీస్తే వేటమాంసం. పథ్యం విడుపు పెట్టుకున్నాడట, యాటను కోసి బంధువులందరినీ పిలిచాడట, మొదటి గిన్నె డాక్టరమ్మకే పంపించాడట.

కోపంతో అప్పటికప్పుడే బస్సెక్కి వాళ్ల ఊరికి పోయాను. అక్కడ ఇంకో సంగతి తెలిసింది. నా మందు మొదలుపెట్టిన రోజే నెల్లూరు డాక్టరు రాసిన మాత్రలు ఆపేశాడు.

"రెండు మందులూ ఒక కడుపులో పడవంట గదమ్మా? అందరూ అన్యారు, ఆపేసినా."

"నేనన్నానా?"

"నువ్వు అనలా. నువ్వు ఆపొద్దనీ అనలా."

అప్పటినుంచి పొడపత్రి ఇచ్చేటప్పుడు నా మొదటి మాట, "ఇంగ్లీషు మాత్రలు ఆపొద్దు, వాటిని తగ్గించాలన్నా పెంచాలన్నా ఆ డాక్టరే చెయ్యాలి." రెండో మాట, "పథ్యానికి విడుపు లేదు." రెండో మాటకు జనం మొహాలు చూడాలి మీరు.

సీసాలో సారం

కొన్నేళ్లకు ఎక్స్‌ట్రాక్టులు వచ్చాయి. బుట్టెడు ఆకును సారం తీసి చిన్న గొట్టం బిళ్లలో పెట్టిన మందులు. టై కట్టుకున్న అబ్బాయి ఎవరో వచ్చి బల్ల మీద పరిచేవాడు. "దీనికి పథ్యం అక్కర్లేదు మేడం" అని నాకే చెప్పేవాడు. చేదు లేదు, వాసన లేదు, పొయ్యి వెలిగించే పని లేదు. జనానికి నచ్చకుండా ఎట్లా ఉంటుంది?

వాటిని చెడ్డవని నేను తోసేయను. పొడి చెడిపోతుంది, కషాయం ఒకరోజు చిక్కగా ఒకరోజు పల్చగా దిగుతుంది, సారం తీసి కొలత పెడితే ఆ బాధ ఉండదు. కానీ సారం తీసినప్పుడు బలం చిక్కబడినట్టే హాని చేసే గుణం ఉంటే అదీ చిక్కబడుతుంది. ఆకు గదా ఏం చేస్తుందిలే అనే మాట మీ నోటి నుంచి రాకూడదు. కరోనా రోజుల్లో తిప్పతీగ వాడని ఇల్లు లేదు. ఆత్మకూరులో ఒకామె కషాయం చాలదని, బిళ్లలు కూడా చాలాకాలం మింగి, కళ్లు పచ్చగా చేసుకుని నా దగ్గరకే వచ్చింది, లివరుకు మందివ్వమని. ముందు నువ్వు మింగేదంతా ఆపు అని ఆ మధ్యాహ్నమే నెల్లూరు పెద్దాసుపత్రికి పంపించాను. ఆపాక తేరుకుంది. మందు మానిపించడమూ వైద్యమే, దానికెవరూ దణ్ణం పెట్టరు.

ఫాతిమా

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఉదయగిరి బస్టాండు దగ్గర ఫాతిమా బజ్జీలు వేసేది. పొద్దున దోసెలు, సాయంత్రం బజ్జీలు, మధ్యాహ్నం గిరాకీ ఉండదు. భర్త లారీ డ్రైవరు, వారంలో ఒకటి రెండు రోజులే ఇంట్లో ఉండేవాడు. పిల్లలు లేరు. కుడివైపు డొక్కలో బరువుగా ఉంటోందని వచ్చింది. స్కానింగుకు పంపితే లివరు నిండా కొవ్వు. రక్తంలో చక్కెర కూడా గట్టు మీద నిలబడి ఉంది, అటో ఇటో తెలియకుండా. ఇట్లాగే వదిలేస్తే లివరు గట్టిపడిపోతుందని చెప్పాను. ఆమె భయం అది కాదు.

"లివరు చెడిపోవడం తాగేవాళ్లకు గదా మేడం? నా నోట్లో చుక్క పడలా. అల్లా మీద ఒట్టు."

స్కానింగు సంగతి అప్పటికే బస్టాండంతా పాకిపోయింది. మొగుడు లారీ మీద పోతే ఈమె తలుపేసుకుని తాగుతుందని ఎవరో అన్నారట. ఆమె రెండు రోజులుగా బండి తియ్యలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రం ఆమెతో బండి తీయించి, పక్కనే బల్ల మీద కూర్చుని, టీ తాగేవాళ్లందరికీ వినపడేట్టు చెప్పాను. "మిగిలిపోయిన అన్నం, కాగిన నూనె, వేళ తప్పిన తిండి చాలు లివరులో కొవ్వు పట్టడానికి. సారాయి అక్కర్లేదు. రేపు నాకైనా రావచ్చు!" జనం నవ్వారు, నేనూ నవ్వాను. ఆ పుకారు అక్కడితో ఆగింది.

మర్నాడు అలవాటు ప్రకారం అడిగాను.

"మీ ఇంట్లో వంట చేసే మనిషిని తీసుకురా."

"నేనే గదా మేడం."

"నీకు వండిపెట్టేవాళ్లు?"

"నాకెవురు వండిపెడతారు? అమ్ముడు పోనియి తింటా. పారేస్తే పాపం గదా."

పెద్దాయన పద్ధతి అక్కడ తెగిపోయింది. వంట చేసే మనిషే రోగి. చల్లారిన బజ్జీలు, మిగిలిన దోసెపిండి, పొయ్యి పక్కన నిలబడి తినే తిండి. చప్పిడి కూర ఒక్కదానికోసం ఎవరు వండుకుంటారు? నేను వండుకునేదాన్నా? ఊరగాయ వేసుకుని తింటూ పేపరు చదివేదాన్ని.

అందుకని ఒక మాట చెప్పాను. "రేపటినుంచి మధ్యాహ్నం డబ్బా తీసుకుని డిస్పెన్సరీకి రా. నీ కూర నాకు, నా కూర నీకు. నువ్వు తినేదే నేను తింటా, నువ్వు తాగే కషాయమే నేను తాగుతా."

ఆమె నన్ను అనుమానంగా చూసింది. అయినా వచ్చింది.

పక్కనే మసీదు. మధ్యాహ్నం ప్రార్థనకు పిలిచే బాంగు వినపడగానే ఆమె వెనక గదిలో నమాజు చేసుకునేది. అప్పటిదాకా నేను డబ్బా మూత తియ్యకుండా కూర్చునేదాన్ని. ఆమె వచ్చి కూర్చున్నాక ఇద్దరం తినేవాళ్లం. కొర్రన్నం, పొన్నగంటి కూర, గలిజేరు ఆకు పప్పు, పల్చటి మజ్జిగ. తిన్నాక చాలాసేపటికి నేల ఉసిరి కషాయం. ఆమె ముక్కు మూసుకుని తాగి, "థూ, ఏంది మేడం ఇది, పగోళ్లకు కూడా ఇయ్యకూడదు" అనేది. నా గ్లాసు ఖాళీ అయిందో లేదో వంగి చూసేది. రంజాన్ నెలలో ఆమె రాదు కాబట్టి నేనొక్కదాన్నే తిన్నాను. ఆ నెల పొన్నగంటి కూర ఉత్త గడ్డిలా ఉంది.

చక్కెర దిగింది. తర్వాతి స్కానింగులో కొవ్వు బాగా తగ్గింది. కషాయం వల్లా, కొర్రల వల్లా, అమ్ముడుపోని బజ్జీలు కుక్కలకు వేసినందువల్లా అంటే నేను ఒట్టు పెట్టి చెప్పలేను. మీరు కూడా ఏ ఒక్క ఆకు పేరూ చెప్పి గొప్పలు పోవద్దు.

ఆత్మకూరు

బదిలీ ఉత్తర్వు వచ్చింది. సర్వీసు చివరి మజిలీ, వద్దన్నా ఆగేది కాదు. బస్సు దగ్గరకు ఫాతిమా వచ్చింది. ఏడవలేదు. "ఇంక నాతో ఎవురు తింటారు మేడం?" అంది. బస్సు కదులుతోంది, కండక్టరు అరుస్తున్నాడు. కిటికీలోంచి ఏదో ఒకటి చెప్పాలని చెప్పాను. "బాంగు ఆత్మకూరులో కూడా వినపడుతుంది. నువ్విక్కడ కూర్చో, నేనక్కడ కూర్చుంటా." ఆమె తల ఊపింది. బస్సు ఊరు దాటేసరికి నేను ఆ మాట మర్చిపోయాను.

ఆత్మకూరులో పని ఎక్కువ. గది కింద కర్రీ పాయింటు ఉంది. ఒక్కదానికి వండుకోవడం ఎందుకని అక్కడే కొనుక్కునేదాన్ని. రాత్రికి పరోటా. రోజంతా జనానికి పథ్యం చెప్పిన నోటితోనే తినేదాన్ని. ఫాతిమా మొదట్లో ఫోన్ చేసేది. "తిన్నారా మేడం?" "తిన్నా, నువ్వు?" "తిన్నా." అంతకుమించి ఫోనులో ఏం మాట్లాడుకుంటాం? తర్వాత అదీ పండగలకు మాత్రమే మిగిలింది.

రిటైరయ్యాక ఆత్మకూరులోనే ఉండిపోయాను, ఇంకెక్కడికి పోవాలో తెలియక. పొద్దున లేస్తే ఎవరూ నా కోసం వరసలో లేరు. కొన్ని రోజులు సాయంత్రం దాకా ఎవరితోనూ ఒక్క మాట కూడా లేకుండా గడిచిపోయేవి. గొంతు పనిచేస్తోందో లేదోనని ఒకసారి దగ్గి చూసుకున్నాను. నవ్వకండి, మీకూ వస్తుంది ఆ రోజు. అప్పుడే కుడి డొక్కలో బరువు మొదలైంది. నెల్లూరులో పరీక్షలు చేయించాను. లివరులో కొవ్వు. షుగరు గట్టు దాటేసింది.

తన వైద్యం తాను చేసుకుంటే కుదరదని అందరికీ చెప్పినదాన్ని, నా పాత డిస్పెన్సరీకే పోయాను. నా కుర్చీలో శ్రావణి ఉంది. నేను ఉండగానే చేరిన పిల్ల, నా దగ్గరే పని నేర్చుకుంది. బల్లకు ఇవతలి వైపు నేను ఎప్పుడూ కూర్చోలేదు, అక్కడి కుర్చీకి ఒక కాలు పొట్టి అని అప్పుడే తెలిసింది. శ్రావణి రిపోర్టులన్నీ చూసింది, నెల్లూరు డాక్టరు మాత్రలు ఆపొద్దంది. తర్వాత పెన్ను పక్కన పెట్టి, ఇబ్బంది పడుతూ అంది.

"మేడం, మీరు నేర్పిందే. రేపు మీ ఇంట్లో వంట చేసేవాళ్లను తీసుకొస్తే..."

"నేనే కదమ్మా" అన్నాను.

అది ఎవరి మాటో నాకు అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు ఉదయగిరి బస్సెక్కాను. నేను చేరేసరికి మధ్యాహ్నం, ఫాతిమా బండి మీద గుడ్డ కప్పి ఉంది. బాంగు వినపడింది. బండి వెనక కాస్త నీడలో ఆమె నమాజు ముగించుకుని వచ్చి, స్టూలు మీద కూర్చుని డబ్బా తెరిచింది. కొర్రన్నం, ఆకుకూర. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది. మనిషి సన్నగా, నిబ్బరంగా ఉంది. స్కానింగు మొన్ననే తీయించుకుందట, బాగానే ఉందట.

"ఇన్నేళ్లూ ఒక్కదానివే ఎట్లా తిన్నావు ఫాతిమా?"

"ఒక్కదాన్నే ఏంది మేడం? మీరూ కూర్చుంటా ఉండారు గదా అక్కడ. బాంగు కాంగానే అనుకుంటా, మా మేడం మూత తీసుంటదని. అప్పుడే నేనూ తీస్తా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సంచిలోంచి రిపోర్టు తీసి ఆమె చేతికిచ్చాను. ఇంగ్లీషు రాకపోయినా 'ఫ్యాటీ లివర్' అన్న ఆ రెండు మాటలు ఆమెకు బాగా తెలుసు. కాగితం వంక చూసింది, నా వంక చూసింది.

"అయితే కూర్చోలేదా మేడం?"

"లేదు ఫాతిమా."

ఆమె డబ్బా మూతలోకి సగం అన్నం తీసి నా ముందు పెట్టింది. "తినండి ముందు" అంది. గొంతులో కోపం ఉంది. నేను తిన్నాను. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు, గిరాకీ లేని వేళ బస్టాండులో నన్ను ఎవరు చూస్తారు?

మర్నాడు ఆమె పొద్దున దోసెల బండి తియ్యకుండా తొలి బస్సుకు ఆత్మకూరు వచ్చింది. వంట చేసే మనిషి కూర్చునే కుర్చీలో కూర్చుని, శ్రావణి చెప్పిందంతా విని, నూనె సంగతి ఎదురు అడిగింది. శ్రావణి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీరు మేడంకు ఏమవుతారు?" అంది.

"ఏమీ కాను. కలిసి తింటాం" అంది ఫాతిమా.

మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది. సాయంత్రం బజ్జీల వేళకు అందుకోవాలి కదా. రోజూ ఫోన్ చేస్తానన్నాను. "వద్దు మేడం, ఫోనైతే తిన్నా అని చెప్తారు. కూర్చోండి చాలు" అంది.

పిల్లలూ, మీకు చెప్పాలనుకున్నది ఇంతే. మందు ఇచ్చేముందు వంట చేసే మనిషిని పిలిపించండి. "నేనే" అన్నవాళ్లను మాత్రం తొందరగా పంపించెయ్యకండి. వాళ్లకు మాట ఇస్తే నిలబెట్టుకోండి, బస్సు కిటికీలోంచి ఇచ్చినదైనా సరే.

ఇక ఆపుతాను. పొయ్యి కట్టేశాను, పొన్నగంటి కూర డబ్బాలో పెట్టాను. ఈ ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. మసీదు నుంచి బాంగు వినపడుతోంది. ఫాతిమా నమాజు ముగించేదాకా ఆగి, అప్పుడు మూత తీస్తాను.